తపసి బంక – పొట్లం మీది 416

ఎలర్జీ అన్న మాటను 1906లో వియన్నా వైద్యుడు క్లెమెన్స్ ఫాన్ పిర్కే కల్పించాడు. మన ఇళ్ళలో దానికి ఎవరూ కల్పించనక్కరలేని మాట ఒకటుంది: "పడదు". వంకాయ పడదు, వేరుశెనగ పడదు, రొయ్యలు పడవు. పడనిదేదో తెలిస్తే మానుకోవచ్చు. కాని తెలియాలంటే ముందు ఆ వస్తువుకు పేరుండాలి. కొన్న సరుకులో ఆ పేరు ఎలా మాయమవుతుందో చెప్పడానికి భద్రాచలం అడవుల సరుకునొకదానిని ఎంచుకుంటున్నాను. అదే తపసి బంక.

వేసవిలో ఆకులన్నీ రాల్చి, తెల్లని బోదెతో రాళ్ళగుట్టల మీద నిలబడే చెట్టు తపసి. శాస్త్రీయనామం స్టెర్కులియా యూరెన్స్. లాటినులో యూరెన్స్ అంటే మంట పుట్టించేది. కాయల మీది నూగు ఒంటికి తగిలితే కలిగే బాధను బట్టి ఆ పేరు వచ్చింది. బోదెకు గాటు పెడితే బంక ఊరి గడ్డకడుతుంది. కోయలు, కొండరెడ్లు దానిని సేకరించి, బెరడు ముక్కలు ఏరివేసి అమ్ముతారు. తెల్లని బంకకు ధర ఎక్కువ, బెరడు కలిసి రంగు మారినదానికి తక్కువ. నిలువ ఉంచితే వెనిగరు వాసన వేస్తుంది. నీటిలో వేస్తే కరగకుండా ఎన్నో రెట్లు ఉబ్బుతుంది.

1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ కొనుగోలు చేస్తూ వచ్చిన ముఖ్యమైన అటవీ సరుకులలో ఇదొకటి. అప్పటికి భద్రాచలం తూర్పు గోదావరి జిల్లాలో ఉంది. 1959లో ఖమ్మం జిల్లాలో కలిసింది. 2016లో భద్రాద్రి కొత్తగూడెం జిల్లాకు మారింది. జిల్లా పేరు ఎన్నిసార్లు మారినా బంక ప్రయాణం మాత్రం అడవి నుండి సంతకు, సంత నుండి రేవుకు సాగింది. గొడ్డలితో లోతుగా నరకడం వలన చెట్లు చచ్చిపోతూండగా, చిన్న గాట్లతో బంక తీసే పద్ధతిని తరువాతి కాలంలో గిరిజనులకు నేర్పారు.

విదేశీ వర్తకంలో ఈ బంక ప్రవేశమే మారుపేరుతో జరిగింది. పర్షియా నుండి వచ్చే ఖరీదైన ట్రాగకాంత్ జిగురుకు బదులుగా, ఒక్కొక్కప్పుడు అందులో కల్తీగా, దీనిని వాడేవారు. "ఇండియన్ ట్రాగకాంత్" అన్న పేరు అలా వచ్చినదే. తరువాత "కరాయ" అన్న పేరు స్థిరపడింది. జుట్టు వంకీలు చెదరకుండా నిలిపే లోషన్లలో, కట్టుడు పళ్ళను అంటించే పొడులలో, విరేచన మందులలో, ఐస్‌క్రీములలో చేరిపోయింది. 1930 దశకంలో అమెరికా వైద్యులు ఈ బంక వలన కలిగే ఉబ్బసాన్ని, ఏడాది పొడుగునా వేధించే తుమ్ములను గురించి వైద్యపత్రికలలో వ్రాశారు. జుట్టుకు లోషను కొన్న మనిషి తాను ఏదో అడవిచెట్టు బంకను కొన్నాననుకోదు కదా!

ఇక నేటి నిబంధనలకు వద్దాం. తప్పక ప్రకటించవలసిన పదార్థాల జాబితాను అంతర్జాతీయ సంస్థ కోడెక్స్ 1999లో ఆమోదించింది. అమెరికా 2004లో చట్టం చేసి, 2021 చట్టంతో నువ్వులను కూడా చేర్చింది. మన దేశంలో 2006 నాటి ఆహార భద్రతా ప్రమాణాల చట్టం కింద వచ్చిన 2020 లేబులింగ్ నిబంధనలు ఎనిమిది వర్గాలను పేర్కొన్నాయి: గోధుమ, బార్లీ వంటి గ్లూటెన్ గల ధాన్యాలు; రొయ్యలు, పీతలు; పాలు; గుడ్లు; చేపలు; వేరుశెనగ, జీడిపప్పు, బాదం వంటివి; సోయా; కిలోకు 10 మిల్లీగ్రాములు గాని అంతకు మించి గాని సల్ఫైట్లు. ఇవి ఉంటే "కంటెయిన్స్" అని, తయారీలో పొరపాటున కలిసే అవకాశముంటే "మే కంటెయిన్" అని ముద్రించాలి.

ఆ జాబితాలో మన నువ్వులు లేవు. తపసి బంకా లేదు. బంక పడనివారు అరుదు కనుక దానిని చేర్చకపోవడాన్ని నేను తప్పుపట్టను. అన్నిటినీ చేర్చిన జాబితా ఎవరినీ హెచ్చరించదు. అయితే ఆ అరుదైనవారికి ఇక మిగిలిన ఆధారం దినుసుల పట్టిక ఒక్కటే. అక్కడ ఈ బంక తరచు "థికెనర్ (416)" అనో "స్టెబిలైజర్ (416)" అనో ఉంటుంది. సంకలిత పదార్థాలకు పేరైనా వ్రాయవచ్చు, అంతర్జాతీయ సంఖ్యయైనా వ్రాయవచ్చునని నిబంధన. పైగా లేబుల్ ఇంగ్లీషులోనో హిందీలోనో ఉంటే చాలు, తెలుగు ఐచ్ఛికం. వాసన చూసి, రంగు చూసి ఈ బంక రకాన్ని చెప్పగల కోయ స్త్రీ, అదే బంక కలిసిన పొట్లం చేతికొస్తే గుర్తుపట్టలేదు. ఎలర్జీ ఉన్న ఖమ్మం పట్నవాసి పరిస్థితీ అంతే.

అందుచేత కొనేవారు "కంటెయిన్స్" అన్న పంక్తితో ఆగిపోకూడదు. నువ్వులు పడనివారు దినుసుల పట్టిక మొత్తం చదవాలి. బంకలు పడనివారు పేర్లతోపాటు సంఖ్యలను కూడా గుర్తుంచుకోవాలి: కరాయ 416, ట్రాగకాంత్ 413, తుమ్మజాతి బంక 414. కాని ఈ భారమంతా కొనేవారి మీదనే వేయడం న్యాయం కాదు. నిబంధనలోని "పేరు గాని, సంఖ్య గాని" అన్నది "పేరూ, సంఖ్యా" అని మారాలి. తెలుగునాట అమ్మే పొట్లం మీద ఆ పేరు తెలుగులోనూ ఉండాలి. ఒకప్పుడు ట్రాగకాంత్ చాటున దాగిన బంక ఇప్పుడు ఒక అంకె చాటున దాగింది. దాని అసలు పేరు "తపసి బంక" అని అచ్చువేయడానికి అయిదక్షరాల చోటు చాలు.