గాజుపాత్రలో తెల్లసొన
(పాఠశాలలలో మద్యనివారణ బోధ - ఒక శతాబ్దపు అనుభవము)

పందొమ్మిదవ శతాబ్దపు చివర అమెరికా సంయుక్త రాష్ట్రముల పాఠశాలలలో ఒక ప్రయోగమును తరచుగా చేసి చూపెడివారు. ఉపాధ్యాయుడు గాజుపాత్రలో కోడిగ్రుడ్డు తెల్లసొనను పోసి, దానిపై మద్యసారమును వంపును. తేటగా నున్న సొన చూచుచుండగనే తెల్లబడి, ఉడికిన గ్రుడ్డువలె గడ్డకట్టును. త్రాగువాని మెదడు కూడ ఇట్లే అగునని బోధించెడివారు.

ప్రయోగము నిజమైనదే. తెల్లసొనలోని మాంసకృత్తుల అణువులు ఉండలుగా ముడుచుకొని ఉండును. గాఢమైన మద్యసారము తగిలినపుడు ఆ ముడుతలు విడి, అణువులు ఒకదానితో నొకటి పెనవేసికొనును. అదియే గడ్డకట్టుట. కాని ప్రయోగమునుండి తీసిన నిర్ణయము మాత్రము సరియైనది కాదు. పాత్రలో పోసినది గాఢమైన మద్యసారము. త్రాగినవాని రక్తములోనో, అది నూటికి అర పాలు చేరకముందే చాలమందికి ప్రాణాపాయము కలుగును. అంత పలుచని మద్యసారము మెదడును గడ్డకట్టించజాలదు. అది నాడీకణముల మధ్య జరుగు వార్తాప్రసారమును మార్చును. అందువలన మొదట వివేచన, నిగ్రహము సడలును. పిమ్మట మాట, నడక తప్పును. మోతాదు మించినచో శ్వాసయే ఆగును. హాని గొప్పదే గాని దాని మార్గము వేరు.

మేరీ హంట్ ఉద్యమము

ఈ బోధకు మూలపురుషుడు కాదు, మూలస్త్రీ మేరీ హంట్. ఆమె ఉపాధ్యాయినిగా పనిచేసినది. 1874లో ఏర్పడిన క్రైస్తవ మహిళా మద్యనివారణ సంఘములో శాస్త్రీయ బోధనా విభాగమునకు ఆమె నాయకురాలయ్యెను. పెద్దల అలవాటు మాన్పుట కష్టము, పిల్లలకు ముందుగనే చెప్పుట మేలు అనునది ఆమె సిద్ధాంతము. 1882లో వెర్మాంట్ రాష్ట్రము మద్యము, మాదకద్రవ్యముల గూర్చిన పాఠములను చట్టముచే నిర్బంధము చేసెను. ఇరువది సంవత్సరములలో దేశమంతటను అట్టి చట్టములు వచ్చెను. శరీరశాస్త్ర పాఠ్యగ్రంథములు ఆమె సంఘము ఆమోదమును పొందుటకు ప్రయత్నించుచుండెను. మద్యము ఏ కొలది మోతాదులోనైనను విషమే, ఒక్క గుక్క త్రాగినను ఆశ అదుపు తప్పును అను వాక్యములు వానిలో చోటుచేసికొనెను.

ఆట్‌వాటర్ గది

ఈ దశలో కనెక్టికట్ రాష్ట్రమునందలి వెస్లియన్ విశ్వవిద్యాలయములో విల్బర్ ఆట్‌వాటర్ అను రసాయనశాస్త్రజ్ఞుడు మనుష్యుడు నివసింపదగినంత గదిని ఉష్ణమాపకముగా నిర్మించి, అందులో ఉన్నవాని దేహమునుండి వెలువడు వేడిని, వాయువులను కొలుచుచుండెను. గదిలోనివానికి దినమునకు సుమారు 70 గ్రాముల మద్యసారమును, పలుమారులుగా విభజించి ఇచ్చి చూచెను. దానిలో నూటికి 98 పాళ్లకు పైగా దేహములో దహనమై శక్తినిచ్చినట్లు తేలెను. గ్రాము మద్యసారమునకు సుమారు 7 కిలోకాలరీలు.

ఇది మద్యమును త్రాగుమని చెప్పుట కాదు. శక్తినిచ్చినంత మాత్రమున అది ఆరోగ్యకరము కాదు. కాని దేహము మద్యసారమును ఏమాత్రమును వినియోగించుకొనజాలదను బోధకు ఈ ఫలితము విరుద్ధము. 1893లో ఏర్పడిన 'ఏబదిమంది సంఘము' అను పండితమండలి ఈ విషయములను విచారించి, 1903లో నివేదికను ప్రకటించెను. పాఠ్యగ్రంథములలోని అతిశయోక్తులను అది తీవ్రముగా ఆక్షేపించెను. హంట్ ప్రత్యుత్తరము వ్రాసినది గాని 1906లో మరణించినది. 1920లో వచ్చిన మద్యనిషేధము 1933లో రద్దయ్యెను.

అతిశయోక్తిలోని ప్రమాదము ఇదియే. ఒక్క గుక్కతో పతనము తప్పదని బోధింపబడిన బాలుడు, త్రాగియు సుఖముగా తిరుగువానిని వీధిలో చూచును. ఆ పాఠము అబద్ధమని తోచగనే, పక్కనున్న నిజమైన పాఠములను కూడ నమ్మడు.

పోలీసుల పాఠములు

1983లో లాస్ ఏంజెలెస్ నగరమున పోలీసు శాఖయు, పాఠశాలల యాజమాన్యమును కలిసి 'డేర్' అను కార్యక్రమమును ప్రారంభించెను. యూనిఫారము ధరించిన పోలీసు అధికారి తరగతికి వచ్చి పాఠములు చెప్పును. తలిదండ్రులకు నచ్చుటచే ఇది దేశమంతటను వ్యాపించెను. కాని 1994లో అంతకుముందరి పరిశోధనలను కలిపి లెక్కించినపుడు, విద్యార్థుల అలవాట్లపై దాని ప్రభావము అత్యల్పమని తేలెను. ఆ పాఠములు విన్నవారిని పదేండ్ల పిమ్మట పరిశీలించి 1999లో ప్రకటించిన ఫలితములును అట్లే ఉండెను. కాలక్రమమున ఆ కార్యక్రమమే తన పాఠ్యప్రణాళికను మార్చుకొనెను.

న్యూయార్క్ నగరమునందు గిల్బర్ట్ బోట్విన్ వేరొక మార్గము త్రొక్కెను. పొగాకు హానికరమని తెలిసియు బాలుడు స్నేహితుని మాట కాదనలేక సిగరెట్టు అందుకొనును. కావున మర్యాదగా నిరాకరించుట, ఆందోళనను ఓర్చుకొనుట, ప్రకటనల మాయను గుర్తించుట అభ్యాసము చేయింపవలెనని అతడు తలచెను. తోటివారిలో త్రాగువారు నిజముగా ఉన్నదానికన్న ఎక్కువమంది అని విద్యార్థులు ఊహించుకొందురని ఇతర పరిశోధకులును కనుగొనిరి. అసలు సంఖ్య చెప్పుటయే ఒక మందు.

ఐస్‌లాండ్ లెక్క

1998లో ఐస్‌లాండ్ దేశమున పదునైదు, పదునారేండ్ల విద్యార్థులలో నూటికి 42 మంది గత నెలలో మత్తు కలుగునంత త్రాగితిమని చెప్పిరి. 2016 నాటికి ఆ సంఖ్య 5కు తగ్గెను. ఏటేట విద్యార్థులనే అడిగి లెక్క తీయుట, తలిదండ్రులు పిల్లలతో ఎక్కువ కాలము గడుపుట, రాత్రివేళ వీధులలో తిరుగుటకు హద్దు, ఆటలకు సంగీతమునకు ధనసహాయము - ఇవి అక్కడి సాధనములు. ఆ కాలమున ఐరోపాలో ఇతరచోట్లను త్రాగుడు కొంత తగ్గినది కావున, మార్పు అంతయు ఈ పద్ధతి వలననే అని చెప్పరాదు. అయినను సాయంకాలము పిల్లలు ఎక్కడ, ఎవరితో ఉందురు అనునది పాఠముకన్న తక్కువ ముఖ్యము కాదని ఈ అనుభవము సూచించుచున్నది.

భయపెట్టుటకు అతిశయోక్తి అక్కరలేదు. నిగ్రహమునకు ఆధారమైన మెదడు ముందుభాగము ఇరువది ఏండ్లు దాటిన పిమ్మట కూడ పెరుగుచునే ఉండును. చిన్నవయసున మొదలిడినవారిలో వ్యసనపరులగువారు ఎక్కువ. ఉన్నది ఉన్నట్లు చెప్పినను ఈ సత్యము చాలినంత బరువైనదే. గాజుపాత్రలోని తెల్లసొనను నేటికిని తరగతిలో చూపవచ్చును. కాని మాంసకృత్తులను గూర్చిన పాఠమునందు.