పంచపిండోద్ధరణము: జలాశయ రక్షణమున పూర్వుల మర్యాద



స్నానవిధిలో నొక చిన్న నియమము కలదు. నేడు దానిని పాటించువారు అరుదు, విన్నవారును అరుదే. పరకీయమైన జలాశయమున స్నానము చేయదలచినవాడు ముందుగా దాని అడుగునుండి ఐదు మట్టిముద్దలు పైకి తీయవలెననియు, అట్లు తీయక స్నానమాడరాదనియు యాజ్ఞవల్క్యస్మృతి ఆచారాధ్యాయము శాసించుచున్నది. దీనికే పంచపిండోద్ధరణమని పేరు. మేము పాఠశాలలో చదువుకొను దినములలో గురువుగారు మాచేత దీనిని చేయించెడివారు. చలికాలమున తెల్లవారుజామున మోకాటిలోతు నీటిలో వంగి బురద తీయుట పిల్లలకు వేడుకగా నుండెడిది. దాని ప్రయోజనమేమో అడుగవలెనను తలంపు మాకెవ్వరికిని కలుగలేదు.

ప్రయోజనమును మనువు మరియొక విధముగా సూచించెను. పరుల జలాశయమున స్నానమాడువాడు దానిని త్రవ్వించినవాని పాపములో నొక అంశమును పొందునని ఆయన వచనము. అనగా ఒకడు ధనము వెచ్చించి, కూలీలను పెట్టి త్రవ్వించిన నీటిని మరియొకడు ఊరక వాడుకొని పోరాదు. ఐదు ముద్దల మట్టియే ఆ నీటికి చెల్లించు వెల. ఈ వెలను ధనికుడును దరిద్రుడును సమానముగా చెల్లింపగలరు.

ఇది కేవలము ఆచారమాత్రమని తోచిన, ఒక్క లెక్క వేసి చూడుడు. ఐదు ముద్దలు కలిసి ఒక కిలో తూగుననుకొందము. ఒక కోనేటిలో దినమునకు 200 మంది స్నానము చేయుదురనుకొందము. సంవత్సరమునకు 73,000 కిలోల పూడిక, అనగా 73 టన్నులు బయటపడును. మూడేసి టన్నులు మోయు ట్రాక్టరుకు ఇరువదినాలుగు బండ్లకు పైమాట. కాంట్రాక్టరు లేడు, టెండరు లేదు, నిధుల మంజూరుకై ఎదురుచూచుట లేదు.

ఇక్కడ శాస్త్రము తెలిసినవారు ఒక ఆక్షేపము చేయవచ్చును. మితాక్షరావ్యాఖ్యలో విజ్ఞానేశ్వరుడు ఈ నియమమును సర్వప్రాణుల నుద్దేశించి ఉత్సర్గము చేయబడని జలాశయములకే పరిమితము చేసినాడు. తన సొంతమైనదానియందును, ఉత్సర్గము చేయబడినదానియందును, యజమాని అనుమతించినదానియందును పిండోద్ధరణము లేకయే స్నానము చేయవచ్చునని ఆయన తాత్పర్యము. వ్యాఖ్య సరియైనదే, దానిని కాదనుటకు నేనెవ్వడను? కాని దానినుండి పుట్టు ప్రశ్నయే మన చరిత్రలోని అసలు ప్రశ్న. తటాకప్రతిష్ఠలో ఉత్సర్గమనగా త్రవ్వించినవాడు తన స్వామ్యమును విడిచి ఆ నీటిని సమస్త భూతములకును వదలివేయుట. ఆ క్షణమునుండి చెరువునకు యజమాని లేడు. మరి పూడిక తీయవలసినదెవరు? గండి పడిన పూడ్చవలసినదెవరు? అందరిదైన సొత్తు ఎవరిదియు కాకుండపోవు ప్రమాదము ఆనాడే యుండెను.

దీనికి కౌటిల్యుడు చెప్పిన సమాధానము కఠినమైనది. పదుగురు కలిసి సేతువు కట్టుచుండగా తప్పుకొన్నవాని పనివారును ఎద్దులును వాని బదులు పని చేయవలెను. ఖర్చులో వాడు భాగమీయవలెను. ఫలములో మాత్రము వానికి భాగము లేదు. ఇది దండన. కాని ఆయనయే ప్రోత్సాహమును గూడ చెప్పెను. క్రొత్తగా చెరువు, కట్ట నిర్మించినవారికి ఐదేండ్లు పన్ను మినహాయింపు. చెడిపోయి విడువబడినదానిని బాగుచేసిన నాలుగేండ్లు. చెట్టుచేమలు కమ్మిన దానిని శుభ్రపరచిన మూడేండ్లు. కంప కొట్టి బాగుచేయుటను గూడ రాజ్యము లెక్కించి గుర్తించినదన్నమాట! మనువు చెరువు తెగగొట్టినవానికి మరణదండనము విధించి, వాడు దానిని తిరిగి బాగుచేసినచో ఉత్తమసాహసమను జుల్మానాతో విడువవచ్చుననెను. చెరువులోనికి వచ్చు నీటి రాకను అడ్డగించినవానికిని వేరుగా దండన కలదు. ఈ చివరిమాటను గమనింపవలెను. చెరువనగా కట్ట, తూము, అలుగు మాత్రమే కాదనియు, ఎగువనుండి నీరు దిగివచ్చు వాగులు, పల్లములు, కాలువలు అన్నియు దాని శరీరమేననియు స్మృతికారులకు తెలియును.

ఈ తెలివి గ్రంథములకే పరిమితము కాలేదనుటకు మన దేశముననే శిలాసాక్ష్యము కలదు. కడప జిల్లా పోరుమామిళ్ళలో భైరవాలయము నెదుట నిలిపిన శాసనము శాలివాహన శకము 1291, సౌమ్య సంవత్సరమునాటిది, అనగా క్రీ.శ. 1369. విజయనగర చక్రవర్తి మొదటి బుక్కరాయల కుమారుడు, ఉదయగిరి నేలిన భాస్కరుడు, నామాంతరమున భవదూరుడు, అక్కడ అనంతరాజసాగరమను చెరువును కట్టించెను. శాసనము సంస్కృతమున జలదానప్రశంసతో సాగి, చెరువునకు పండ్రెండు సాధనములను, ఆరు దోషములను వరుసగా చెప్పును. నేనెరిగినంతలో ఇంత సంగ్రహముగా, ఇంత సమగ్రముగా ఈ శాస్త్రమును చెప్పిన శాసనము వేరొకటి లేదు.

ఆ పండ్రెండింటిలో మొదటిది ధర్మపరుడు, సంపన్నుడు, శాశ్వతకీర్తిని కోరువాడునైన రాజు. రెండవది జలశాస్త్రమెరిగిన బ్రాహ్మణుడు. తరువాత గట్టి మట్టినేల. మూడు యోజనముల దూరమున పుట్టి తీయని నీరు తెచ్చు నది. చెరువును తాకుచున్న కొండ. ఆ కొండ భాగముల నడుమ మిక్కిలి పొడవు కాక దృఢముగా నుండు రాతికట్ట. విశాలమై లోతైన గర్భము. నిడుపైన చక్కని రాళ్ళు దొరకు గని. చేరువలో ఫలవంతమగు సమతలభూమి. ఇట్లు చెప్పుచు చెప్పుచు చివరకు పండ్రెండవ సాధనముగా ఈ పనిలో నేర్పుగల జనసమూహమును చెప్పినది. రాజుతో మొదలైన పట్టిక పనివారితో ముగిసినది. రాజు ఒకడున్న చాలదు, శాస్త్రజ్ఞుడున్నను చాలదు. మట్టి మోయు చేతులు గూడ సాధనములలోనివే.

దోషములు ఆరు. కట్టనుండి నీరు చెమ్మగిల్లి కారుట, చవుడు నేల, రెండు రాజ్యముల పొలిమేరలో నుండుట, చెరువు నడుమ తాబేటి వీపువలె మెరక యుండుట, నీరు తక్కువై సాగుభూమి ఎక్కువగుట, భూమి తక్కువై నీరెక్కువగుట. రెండు రాజ్యముల పొలిమేర యేల దోషమైనదో ఆలోచింపుడు. ఎగువ ఒకరిది, దిగువ ఒకరిదియైనచో నీటిని కాపాడువారుండరు, తగవులాడువారే యుందురు. నేటి మన నదీవివాదములు చూచినవారికి దీనికి వ్యాఖ్యానమక్కరలేదు.

ఆ చెరువు పని రెండు సంవత్సరములు సాగినది. ప్రతిదినము వేయిమంది మనుష్యులు, రాళ్ళు తెచ్చుటకు నూరు బండ్లు పనిచేసినట్లు శాసనము చెప్పుచున్నది. ఆ వేయిమంది పేర్లు శాసనములో లేవు. వారు త్రవ్విన చెరువు మాత్రము ఆరువందల యేబది సంవత్సరములు దాటినను నిలిచియున్నది.

ఒక చెరువు అన్ని తరములు నిలుచుట కట్టినవాని గొప్పతనముచేతనే కాదు. ఏటేటా దానిని చూచుకొను ఏర్పాటు గ్రామమున నుండెను. రాయలసీమలో దశబంధమను ఇనాము ప్రసిద్ధము. చెరువు కట్టించినవానికి, లేదా దాని మరమ్మతు భారము వహించినవానికి ఆయకట్టులో కొంత భూమిని ఇచ్చెడివారు. మరమ్మతు మానినచో ఆ భూమిపై హక్కును ప్రశ్నింపవచ్చును. తూములు తీసి మూయుటకు, మడిమడికి నీరు పంచుటకు నీరుకట్టు ఉండెను, తెలంగాణమున నీరటికాడందురు. వానికి పంట కళ్ళమునుండియే గింజ కొలిచెడివారు. ఇవిగాక కాలువల పూడిక తీయుటకు ఇంటికొక మనిషి చొప్పున ఊరంతయు కదలు వాడుక పలు గ్రామములలో నుండెను.

ఈ వాడుకను తలచుకొని ఆనందించువారు దానిలోని చీకటిని గూడ చూడవలెను. ఇంటికొక మనిషి అనినప్పుడు కలవారి యిండ్లనుండి పాలేరు వచ్చెను. లేనివాడు తానే వచ్చెను. కొన్ని కులములవారికి ఆ పని జన్మతో వచ్చిన వెట్టియైనది. చెరువు మట్టి మోసినవారిలో కొందరు ఆ చెరువు రేవున నీరు ముంచుకొనుటకే నోచుకొనలేదు. సర్వప్రాణులకును ఉత్సర్గము చేసిన నీటియందు పశువులకున్న హక్కు తోటి మనుష్యునకు లేకపోయెను. ఉత్సర్గసంకల్పమునకు ఇంతకంటె విరుద్ధమైనది వేరొకటి లేదు. దీనిని పూర్వాచారమని సమర్థించుట నాకు సమ్మతము కాదు.

సమ్మతము కాకుండుటకు పూర్వాచారములోనే ఆధారమున్నది. సౌరాష్ట్రమున గిరినగరము చెంత, నేటి జునాగఢ్ వద్ద, చంద్రగుప్తమౌర్యుని అధికారి పుష్యగుప్తుడు సుదర్శనతటాకమును నిర్మించెను. అశోకుని కాలమున తుషాస్ఫుడు దానికి కాలువలు తీర్చెను. శకవర్షము 72, అనగా క్రీ.శ. 150 ప్రాంతమున ఒక మహావర్షమునకు సువర్ణసికత, పలాశిని మొదలగు ఏరులు పొంగి కట్టకు 420 మూరల పొడవు, అంతే వెడల్పు, 75 మూరల లోతు గల గండి పడినది. ఇంత గండి పూడ్చుట అసాధ్యమని రుద్రదాముని మంత్రులే వెనుదీసిరి. ప్రజలు ఆశ వదలుకొని హాహాకారము చేసిరి. అప్పుడు రుద్రదాముడు సువిశాఖుడను అధికారిచే దానిని మునుపటికంటె దృఢముగా కట్టించెను. తన ప్రజలను పన్నులచేతగాని, విష్టిచేతగాని, బలవంతపు కానుకలచేతగాని పీడింపక, తన కోశమునుండియే వెచ్చించి కట్టించితినని అతడు శిలపై చెక్కించుకొన్నాడు. విష్టి అనగా కూలి లేని నిర్బంధపు చాకిరి. మన వెట్టి అను మాట దానినుండి వచ్చినదే యని పెద్దలు చెప్పుదురు. విష్టి లేకుండ చెరువు బాగుచేయుట రాజు చెప్పుకొనదగిన గొప్పగా పద్దెనిమిది శతాబ్దులకు పూర్వమే ఎంచబడినదన్నమాట. మూడు వందల యేండ్ల తరువాత స్కందగుప్తుని కాలమున ఆ కట్ట మరల తెగగా చక్రపాలితుడు మరల కట్టించెను. ఎంత గట్టిగా కట్టినను కట్టకు మనిషి కాపు తప్పదు.

ఆంగ్లేయుల కాలమున ఈ ఏర్పాటు సడలినది. శిస్తు దొరతనమునకు పోయెను. చెరువు బాధ్యత మాత్రము ఊరివారిదే యని దొరతనము తలచెను. 1858లో మద్రాసు రాజధానియందు నిర్బంధశ్రమ చట్టమును చేసి, వాడుక ననుసరించి చేయవలసిన పనిని చేయనివారిని చట్టముచే నొత్తిడి చేయజూచిరి. ఊరివారు తమ పొలము తడియునని చేసిన పని సర్కారు ఉత్తరువుతో వెట్టియైనది. కలిసిచేయు మనసును చట్టము పుట్టింపలేదు. స్వాతంత్ర్యానంతరము ఇనాములు రద్దైనవి, బోరుబావులు వచ్చినవి. ఎవరి నీరు వారి పొలములోనే దొరకినప్పుడు చెరువు వంక చూచువారెవరు? నీరు వచ్చు వాగులలో ఇండ్లు లేచినవి. శిఖము భూములు దున్నబడినవి.

మరల మేలుకొన్న చోట్లు లేకపోలేదు. పంజాబున గురునానకుదేవునికి జ్ఞానోదయమైన స్థలముగా సిక్కులు పూజించు సుల్తాన్‌పుర్ లోధీ చెంత ప్రవహించు కాలీబేయీ యేరు మురుగుతో, గుర్రపుడెక్కతో నిండి మురికికాలువయైనది. 2000 సంవత్సరమున సంత్ బల్బీర్‌సింగ్ సీచెవాల్ తన సేవకులతో నీటిలో దిగి చేతులతో ఆ నాచును లాగుటకు మొదలిడెను. సుమారు 160 కిలోమీటర్ల యేరది. గురుద్వారమునందు చేయు కారసేవనే వారు యేటికి చేసిరి. 2006లో రాష్ట్రపతి అబ్దుల్ కలాముగారు స్వయముగా వెళ్ళి ఆ యేటిని చూచిరి. మన తెలంగాణమున 2015 మార్చి 12వ తేదీన సదాశివనగరమున మిషన్ కాకతీయ ప్రారంభమైనది. అది ప్రభుత్వకార్యమే, అయినను తీసిన పూడికను తమ ట్రాక్టర్లతో, తమ ఖర్చుతో పొలములకు తోలుకొన్నవారు రైతులే. ఒండ్రుమట్టి ఎరువగునని వారికి తెలియును. ఇక్కడ నిర్బంధము లేదు. లాభమును, ధర్మమును ఒకచోట కలిసినవి.

ఇక మన భక్తుల సంగతి. చెరువును చెరచువారిలో మనమును ఉన్నాము. నీటిలో ఉమ్మివేయుట, మలమూత్రములు విడుచుట, అశుచివస్తువులను, విషమును వేయుట మనువు నిషేధించెను. పసుపుకుంకుమలను ప్లాస్టిక్ సంచితో సహా నీటిలో విసరుట పూజ కాదు. వినాయకవిగ్రహమును మట్టితో చేయుమని పెద్దలు చెప్పినది అది నీటిలో కరగి మట్టిలో కలియుటకే. ప్లాస్టర్ ఆఫ్ పారిస్ కరగదు, దానిపై పూసిన రంగులు విషమే. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2020లో సవరించిన మార్గదర్శకములలో దీనిని వలదన్నది. మండలి చెప్పకమునుపే మనకు తెలియవలసినది. పూలు, పత్రి సంగతి వేరు. వానిని నీటి గట్టున గోతిలో వేసిన క్రమముగా ఎరువగును.

పుష్కరిణిని, ఊరిచెరువును శుభ్రపరచ దలచిన సేవకులు ముందు ఎగువకు నడువవలెను. వాగు ఎక్కడ పూడినదో, ఎక్కడ మురుగు కలియుచున్నదో మాఘఫాల్గునములలో చూచి, నీరు అడుగంటిన చైత్రవైశాఖములలో పూడిక తీయవలెను. కట్ట మొదలు చేరి త్రవ్వరాదు, కట్ట జారును. కట్టపై మొలచిన రావి, మర్రి మొక్కలను చిన్ననాడే మరియొక చోటికి మార్చి నాటవలెను. వేళ్ళు దిగిన తరువాత వానివెంట నీరు దారి చేసికొనును. ఏడాది పొడవునా స్నానమునకు వచ్చువారు పంచపిండోద్ధరణము చేయవచ్చును, ఉత్సర్గమైన నీరైనను నిషేధమేమియు లేదు. తీసిన మట్టిని మెట్లపై మాత్రము పెట్టరాదు. మొదటి వానకే అది మరల నీటిలోనికి జారును. గట్టు దాటించి ఆవలి పొలములో వేయవలెను.