ఊతకర్ర నుండి సెంటర్ స్టాండు వరకు

విజయవాడకు వాయవ్యమున, రెడ్డిరాజుల నాటి దుర్గమును శిరమున దాల్చిన కొండ చెంతనున్న కొండపల్లి, పొనికి కర్రతో బొమ్మలు చెక్కు శిల్పుల వలన దేశమెల్ల నెరిగిన యూరు. ఆ శిల్పుల ఎడ్లబండి బొమ్మను చూచినవారు దాని చక్రముల సొగసును మెచ్చుకొందురు గాని, నిజమైన బండి చక్రమునకు కందెన పెట్టుటకు మన పెద్దలు పడిన శ్రమను తలచువారరుదు. ఎడ్లను విప్పి, చీల ఊడబెరికి, ఒకడు భుజము మోపి బండిని పైకెత్తగా, రెండవవాడు ఊతకర్రను చొనిపి, చక్రమును కొంత వెలుపలికి లాగి, గడ్డి కాల్చిన మసిని ఆముదముతో కలిపి చేసిన కందెనను ఇరుసునకు పూయుచుండెను. బరువు ఊతపై నిలిచినదని తెలిసిన పిమ్మటనే చేయి లోపలికి పోవలెను. ఈ పనిలో తొందర ఎన్నడును క్షమింపబడలేదు.

1955లో మద్రాసున బులెట్టు మోటారు సైకిలు తయారీ మొదలై, 1961 నుండి మైసూరు జావాలును రోడ్డెక్కి, అదే దశకమున విజయవాడలో ఆటోనగరము వెలసిన పిదప, ఎత్తవలసిన వస్తువు మారెనే కాని ఎత్తవలసిన అగత్యము తొలగలేదు. తొలినాటి విదేశపు మోటారు సైకిళ్లకు వెనుక చక్రపు ఇరుసునకు తగిలించిన స్టాండే యుండెడిది. మన పాత సైకిలుకు నేటికిని ఉన్నది అదియే. దాని స్థానమున వచ్చిన సెంటర్ స్టాండును నేను గొప్ప కల్పనగా భావింతును.

160 కిలోలకు పైబడిన బులెట్టును ఒక్క మనిషి స్టాండు వేయుచుండగా చూచు బాలురు అది బాహుబలమని భ్రమింతురు. నిజమునకది మీట మహిమ. బండిని నిటారుగా నిలిపి, స్టాండు కాళ్లు రెండును ఒక్కసారే నేల తాకునట్లు చూచి, తొక్కుడు కమ్మిపై పాదము మోపి దేహభారమంతయు దానిపై నిలుపగా, బండి తానే వెనుకకును పైకిని జరిగి కూర్చుండును. చేతులు నిలుకడకై పట్టుకొనవలెనే కాని, బండిని లాగినచో నడుమునకు చేటు. కాళ్లు నిలువుగీతను దాటి ఇంచుక ముందునకు చాగి ఆనుటచే బండి బరువే స్టాండును బిగించును. ముందునకు త్రోసినగాని అది దిగదు. కొండవాలు వీధులలో ముందుచక్రము పల్లమువైపునకుండగా స్టాండు వేయరాదనుటకు కారణమిదియే.

ముందుచక్రమును విప్పవలసినప్పుడు ఇంజను క్రింద కర్రదిమ్మ పెట్టుట వాడుక. ఇందులకు పొనికి పనికిరాదు. బొమ్మకు వన్నె తెచ్చిన ఆ తేలికయు మెత్తదనమును ఇచట దోషములు. బండిచక్రములకు వాడిన తుమ్మయే తగినది; అదియును వెడల్పుగా ఉండి, సైలెన్సరు గొట్టముపై బరువు పడకుండ అమరవలెను.

ఇటీవలి పలు వాహనములకు ప్రక్క స్టాండు మాత్రమే మిగిల్చి సెంటర్ స్టాండును తీసివేయుట నాకు సమ్మతము కాదు. చైనుకు నూనె వేయుటకు వెనుక చక్రము గాలిలో తిరుగవలెను గదా! అట్టి బండి గలవారు వెనుక ఫోర్కును పట్టి ఎత్తు విడి స్టాండును కొనుచున్నారు. దానిని వాడునపుడు ఒకరు హ్యాండిలు పట్టి బండిని నిటారుగా నిలుపగా మరియొకరు వెనుకనుండి మీటవలెను. పిమ్మట ఇంజనును ఆపి, గేరును న్యూట్రలున ఉంచి, చక్రమును చేతితోనే త్రిప్పవలెను. ఇంజను నడచుచుండగా చైనుకు గుడ్డ తాకించినచో, గుడ్డతోబాటు వ్రేళ్లను సైతము పండ్లచక్రము లోనికి లాగుకొనును.