రీడర్ చదవకపోతే తప్పెవరిది?

పోస్టు కొంచెం పెద్దదే, ఓపిగ్గా చదవండి.

నల్లపాడు మీదుగా గుంటూరు మిర్చి యార్డుకి పోయే లారీల అద్దం మీద ఒక స్టిక్కర్ ఉంటుంది, చూసే ఉంటారు. అదే ఫాస్టాగ్. 2021 ఫిబ్రవరి నుంచి జాతీయ రహదారుల టోల్‌గేట్ల దగ్గర తప్పనిసరి చేశారు. దాంట్లో బ్యాటరీ ఉండదు. గేటు దగ్గరున్న రీడర్ రేడియో తరంగం పంపితే, ఆ తరంగం ఇచ్చే శక్తితోనే లోపలి చిప్ మేల్కొని తన నంబరు చెప్తుంది. ఎవరి చెయ్యీ తగలదు, గేటు లేస్తుంది.

దీని వెనక వందేళ్లకు పైగా చరిత్ర ఉంది. 1895లో కలకత్తా టౌన్‌హాల్లో జగదీశ్ చంద్రబోస్ తీగ లేకుండానే, గోడల అవతలున్న గంటని మోగించి చూపించాడు. 1948లో హ్యారీ స్టాక్‌మన్, తిప్పికొట్టిన తరంగంతో కబురు పంపొచ్చని వ్యాసం రాశాడు. 1973లో అమెరికాలో మారియో కార్డుల్లోకి ఇలాంటి ట్యాగ్ మీద పేటెంటు వచ్చింది. టోల్ వసూలుకి పనికొస్తుందని ఆయన అప్పుడే చెప్పాడు.

లారీని గుర్తుపట్టే కథ ఇది. మనల్ని గుర్తుపట్టిన కథ వేరు. 1871లో నేరస్త జాతుల చట్టం తెచ్చారు. 1911 చట్టంతో అది మద్రాసు ప్రెసిడెన్సీకీ వచ్చింది. రిజిస్టరుకెక్కిన మనిషి వేలిముద్ర ఎప్పుడు కావాలంటే అప్పుడు తీసుకోవచ్చని అందులో రాశారు. మన ఎరుకల పెద్దల్ని బాపట్ల దగ్గర స్టువర్టుపురం సెటిల్‌మెంటులో పెట్టింది ఆ చట్టం కిందే. 1952 ఆగస్టు 31న గానీ ఆ ముద్ర పోలేదు.

ఇప్పుడు మా నాయనమ్మ సంగతి. ఏళ్ల తరబడి మిరపకాయల తొడిమలు తీసీ తీసీ వేళ్లు నున్నగా అరిగిపోయినయ్. రేషన్ మిషన్ మీద బొటనవేలు పెడితే పడదు. చెయ్యి కడుక్కుని రా అంటారు, రేపు రా అంటారు. తప్పంతా ఆమె వేలిదే అన్నట్టు.

టోల్ రూలు ఏమిటో తెలుసా? ఫాస్టాగ్ బాగుండి, ఖాతాలో డబ్బుండి, గేటు దగ్గర మిషన్ చదవలేకపోతే బండిని డబ్బు తీసుకోకుండా వదిలేయాలి. 2018లో కేంద్రం గెజిట్‌లో పెట్టిన మాట ఇది. అంటే మిషన్ తప్పు మిషన్‌దే.

మనిషి విషయంలోనూ రూలుంది. ఆధార్ కుదరలేదని రేషన్ ఆపొద్దని కేంద్ర ఆహార శాఖ 2017లోనే రాష్ట్రాలకి చెప్పింది. లారీ డ్రైవరుకి తన రూలు తెలుసు, అడుగుతాడు. మా నాయనమ్మకి తెలియదు. చదువుకున్న నాకూ మొన్నటిదాకా తెలియదు.

అందుకే ఈసారి సెలవులకి ఇంటికెళ్లినప్పుడు మీ అవ్వతో, తాతతో పాటు రేషన్ షాపుకి వెళ్లండి. వేలు పడకపోతే కంటిపాపతో చూడమనండి. అదీ కాకపోతే రూలు చెప్పి బియ్యం అడగండి. మనలో ఇంజనీరింగ్ చదివేవాళ్లు ఇంకో పని చెయ్యాలి. రేపు ముట్టుకోకుండా మనిషిని గుర్తుపట్టే మిషన్ మీరే తయారుచేస్తారేమో. అది చదవలేనప్పుడు మనిషిని ఏం చెయ్యాలో ముందు రాసుకోండి.