పశ్చిమ ప్రకాశంలో ఫ్లోరోసిస్: ఒక చారిత్రక పరిశీలన

చరిత్రకు శాసనాలు, దస్తావేజులు మాత్రమే ఆధారాలు కావు. మనుషుల ఎముకలు కూడా ఆధారాలే. 1937లో షార్ట్, పండిట్, రాఘవాచారి అనే శాస్త్రజ్ఞులు నాటి నెల్లూరు జిల్లాలో ఫ్లోరోసిస్ వ్యాధిని వర్ణించారు. మన దేశంలో మనుషులలో ఈ వ్యాధిపై వెలువడిన తొలి నివేదికగా దానిని పేర్కొంటారు. ఆ జిల్లాలోని కనిగిరి, పొదిలి, దర్శి ప్రాంతాలు, కర్నూలు జిల్లాలోని మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాలు 1970లో ఏర్పడిన ఒంగోలు జిల్లాలో చేరాయి. అదే తరువాత ప్రకాశం జిల్లా అయింది.

శిలలలోని ఫ్లోరైడ్ ఖనిజాలు భూగర్భజలంలో కరుగుతాయి. నీరు రాళ్ళ మధ్య ఎంతకాలం నిలిస్తే అంతగా ఫ్లోరైడ్ చేరుతుంది. వానలు తక్కువైన ఈ మెట్టసీమలో బావులు ఎండినప్పుడు ప్రజలు లోతైన బోర్లను ఆశ్రయించారు. కరువుకు విరుగుడు అనుకున్నదే చాలాచోట్ల వ్యాధికి దారి అయింది.

లీటరుకు 1.5 మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడ్ ఉన్న నీటిని ఏళ్ళ తరబడి తాగితే పళ్ళు గారపడతాయి. మోతాదు మరీ ఎక్కువైతే కీళ్ళు బిగుసుకుంటాయి, నడుము వంగుతుంది. పశువులకూ ఇదే బాధ. ఫ్లోరైడ్ థైరాయిడ్ వంటి వినాళ గ్రంథుల పనితీరును మార్చగలదని, ఆ విస్తృతార్థంలో అది హార్మోన్లకు భంగం కలిగించే పదార్థమని 2006లో అమెరికా జాతీయ పరిశోధనా మండలి పేర్కొన్నది.

వంగిన ఎముకను మందులు సరిచేయలేవు. మంచినీరు మాత్రం తరువాతి తరాన్ని కాపాడగలదు. కృష్ణాజలాలను నల్లమల సొరంగాల ద్వారా తెచ్చే వెలిగొండ ప్రాజెక్టుకు 1996లో శంకుస్థాపన జరిగింది. 1937 నుంచి లెక్కిస్తే 59 సంవత్సరాలు! ఈ జాప్యానికి ప్రకృతి ఎంత కారణమో, పాలన ఎంత కారణమో మీరే విశ్లేషించండి.