ఆరోగ్యవరం: క్షయ పరిశోధన చరిత్రలో మదనపల్లె గ్రామాలు

వ్యాససంగ్రహం:

క్షయ చికిత్సకు ప్రసిద్ధి పొందిన మదనపల్లె ఆరోగ్యవరం, 1950 తర్వాత గ్రామీణ ప్రజల మధ్య జరిగిన బి.సి.జి. టీకా పరిశోధనకు కేంద్రమైంది. అక్కడ లభించిన ఫలితం స్వల్పమైనది, సందిగ్ధమైనది. అయినా అది నేటికీ ప్రపంచ వైద్య పరిశోధనలో ప్రస్తావనకు వస్తూనే ఉంది. ఆ పరిశోధన నేపథ్యాన్ని, దాని ఫలితానికి గల అర్థాన్ని, అందులో పాల్గొన్న ప్రజల స్థానాన్ని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: ఆరోగ్యవరం, మదనపల్లె, క్షయ, బి.సి.జి. టీకా, నియంత్రిత ప్రయోగం, వైద్యచరిత్ర.

1. ఉపోద్ఘాతం:

‘క్షయ’ అంటే తగ్గిపోవడం, అరిగిపోవడం. రోగి శరీరం నానాటికీ కృశించిపోవడాన్ని చూసి పెట్టిన పేరు ఇది. ఆయుర్వేదం దీనినే రాజయక్ష్మ అన్నది. దక్షుని శాపం వల్ల చంద్రునికి సోకిన వ్యాధిగా పురాణాలు చెప్పాయి. 1882లో రాబర్ట్ కోచ్ క్షయకారక సూక్ష్మజీవిని గుర్తించడంతో వ్యాధి మూలం తెలిసింది, కానీ మందు దొరకలేదు. ఆ తర్వాత అరవై ఏళ్ళకు పైగా వైద్యులు ప్రధానంగా నమ్ముకున్నవి విశ్రాంతి, పౌష్టికాహారం, స్వచ్ఛమైన గాలి. ఈ మూడింటినీ ఒకచోట సమకూర్చిన వైద్యాలయమే శానిటోరియం. భారతదేశంలో మొదటి శానిటోరియం 1906లో అజ్మీర్ సమీపంలోని తిలోనియాలో వెలసింది.

2. ఆరోగ్యవరం స్థాపన:

1911లో చిత్తూరు జిల్లా ఏర్పడినప్పుడు, అంతకుముందు కడప జిల్లాలో ఉన్న మదనపల్లె తాలూకా అందులో చేరింది. 2022 వరకు ఆ పట్టణం చిత్తూరు జిల్లాలోనే కొనసాగింది. సముద్రమట్టానికి రెండు వేల అడుగులకు పైగా ఎత్తులో ఉండటం, పొడిగాలి, మితమైన ఎండ శానిటోరియానికి అనుకూలించాయి. పలు ప్రొటెస్టెంటు మిషన్లు కలిసి యూనియన్ మిషన్ క్షయ శానిటోరియాన్ని 1912లో ఆరంభించాయి. 1915 నాటికి అది పట్టణం వెలుపల స్థిరపడింది. డెన్మార్క్ దేశీయుడైన డాక్టర్ క్రిస్టియన్ ఫ్రిమోట్ మోలర్ దానికి సారథ్యం వహించాడు.

ఆ స్థలానికి స్థిరపడిన పేరు కూడా గమనింపదగినది. చుట్టుపక్కల ఊళ్ళ పేర్లలో ‘పల్లె’ ఎక్కువగా వినిపించే ప్రాంతమిది. అక్కడ ‘ఆరోగ్యవరం’ అన్న పేరు అన్నవరం, భీమవరం వంటి ఊరిపేర్ల ధోరణిలో ఉంటూనే, ‘ఆరోగ్యమనే వరం’ అన్న అర్థాన్నీ ఇస్తుంది. మందులేని రోగంతో వచ్చినవారికి ఆ పేరే ఒక ధైర్యవచనం.

1939లో భారత క్షయ నివారణ సంఘం ఏర్పడింది. అందులో ఫ్రిమోట్ మోలర్ ముఖ్య బాధ్యత వహించాడు. ఆరోగ్యవరంలో పనిచేసిన డాక్టర్ పి.వి. బెంజమిన్ తర్వాతి కాలంలో భారత ప్రభుత్వానికి క్షయ సలహాదారయ్యాడు. స్వాతంత్ర్యానంతర క్షయ నివారణ విధానానికి పునాది వేసినవారిలో ఆయన ఒకరు. ఈ విధంగా ఒక చిన్న పట్టణంలోని ఆసుపత్రి అనుభవం దేశ విధానంలోకి ప్రవేశించింది.

3. ఆసుపత్రి నుంచి పల్లెలకు:

శానిటోరియంలోని పడకలు వందల్లో ఉంటే, దేశంలోని రోగులు లక్షల్లో ఉన్నారు. చికిత్స కంటే నివారణ ముఖ్యమన్న ఆలోచనకు ఈ వ్యత్యాసమే కారణం. 1921లో ఫ్రాన్సులో మొదటిసారి మనిషికి ఇచ్చిన బి.సి.జి. టీకాపై అందరి దృష్టి పడింది. 1948లో భారతదేశంలో బి.సి.జి. కార్యక్రమం ప్రయోగాత్మకంగా మొదలైంది. దాని తొలి కేంద్రాల్లో మదనపల్లె ఒకటి. అదే ఏడాది మద్రాసులోని గిండీలో టీకా తయారీ కేంద్రం ఏర్పడింది.

టీకాకు వ్యతిరేకత కూడా బలంగానే వచ్చింది. మద్రాసు ముఖ్యమంత్రిగా పనిచేసిన చక్రవర్తి రాజగోపాలాచారి తన అభ్యంతరాలను వివరిస్తూ 1955లో ఒక చిన్న పుస్తకమే ప్రచురించాడు. టీకా మేలు చేస్తుందా, లేదా అన్న ప్రశ్నకు వాదప్రతివాదాలతో సమాధానం దొరకదు. టీకా వేసినవారిని, వేయనివారిని ఏళ్ళ తరబడి పోల్చి చూడాలి.

ఆ పోలికకు పూనుకొన్నవాడు క్రిస్టియన్ కుమారుడు డాక్టర్ యొహానెస్ ఫ్రిమోట్ మోలర్. 1950 - 1955 మధ్య మదనపల్లె పట్టణంలోను, పరిసర గ్రామాలలోను ప్రజలకు టుబర్క్యులిన్ పరీక్షలు, ఛాతీ ఎక్స్‌రేలు జరిగాయి. ఈ సర్వే నివేదిక 1960లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పత్రికలో వెలువడింది. రోగి వైద్యుని దగ్గరకు రావడం శానిటోరియం పద్ధతి. పరిశోధకులే ఆరోగ్యవంతుల ఇళ్ళకు వెళ్ళడం ఈ కొత్త పద్ధతి.

ఇదే కాలంలో శానిటోరియం పునాది కూడా కదిలింది. స్ట్రెప్టోమైసిన్, పాస్, ఐసోనియాజిడ్ మందులు అందుబాటులోకి వచ్చాయి. 1956లో మద్రాసులో స్థాపించిన క్షయ చికిత్సా పరిశోధన కేంద్రం, మందులు సక్రమంగా వాడితే ఇంటి వద్ద చికిత్స కూడా శానిటోరియం చికిత్సకు దీటుగా ఉంటుందని 1959లో నిరూపించింది. విశ్రాంతి, గాలి అన్న పాత విశ్వాసం అంతటితో సడలిపోయింది.

4. రెండు అంకెలు – వాటి అర్థం:

మదనపల్లె టీకా ప్రయోగంలో టీకా పొందినవారు 5,069 మంది, పొందనివారు 5,808 మంది. 1973లో వెలువడిన నివేదిక ప్రకారం మొదటి బృందంలో 33 మందికి, రెండవ బృందంలో 47 మందికి క్షయ సోకింది. అంటే వెయ్యికి 6.5, 8.1 చొప్పున. టీకా వల్ల సుమారు 20 శాతం రక్షణ లభించినట్లు ఈ లెక్క సూచిస్తుంది. కానీ రోగుల సంఖ్య స్వల్పం కావడం వల్ల ఈ తేడా కేవలం యాదృచ్ఛికమనే అవకాశాన్ని కొట్టివేయలేం.

బ్రిటన్‌లో కౌమార వయస్కులపై జరిగిన ప్రయోగంలో టీకా పొందిన 13,598 మందిలో 62 మందికి, పొందని 12,867 మందిలో 248 మందికి వ్యాధి వచ్చింది. అక్కడ రక్షణ 75 శాతం పైమాటే. ఒకే పేరుగల టీకా రెండు దేశాల్లో ఇంత భిన్నంగా పనిచేయడం పరిశోధకులను ఆలోచింపజేసింది.

సందేహ నివృత్తికి 1968లో తమిళనాడులోని చెంగల్పట్టు జిల్లాలో మరింత పెద్ద ప్రయోగం మొదలైంది. దాని ఫలితాలు 1979 - 80లో వెలువడ్డాయి. సమాన సంఖ్యలో పోల్చిన రెండు బృందాలలో టీకా పొందినవారిలో 505, పొందనివారిలో 499 కేసులు తేలాయి. పెద్దలకు వచ్చే ఊపిరితిత్తుల క్షయను టీకా ఆపలేదు. మదనపల్లె అంకెలు ముందే లేవనెత్తిన సందేహం ఇక్కడ బలపడింది. అయితే పసిపిల్లలలో మెదడు పొరలకు సోకే క్షయ వంటి తీవ్ర రూపాల నుంచి బి.సి.జి. రక్షిస్తుందని ఇతర అధ్యయనాలు చూపాయి. శిశువులకు నేటికీ ఆ టీకా వేయడానికి కారణం ఇదే.

1994లో కోల్డిట్జ్ బృందం చేసిన సమష్టి విశ్లేషణ ఈ వైరుధ్యాన్ని భౌగోళికంగా పరిశీలించింది. భూమధ్యరేఖకు దూరం పెరిగే కొద్దీ టీకా ప్రభావం పెరుగుతున్నట్లు కనిపించింది. మదనపల్లె 13 డిగ్రీల ఉత్తర అక్షాంశంలో ఉంది. ఉష్ణ ప్రాంతాల నేలలోను, నీటిలోను ఉండే క్షయేతర మైకోబాక్టీరియాలు ప్రజలకు ముందే కొంత రక్షణ కలిగించడం వల్ల, టీకా వల్ల కలిగే అదనపు ప్రయోజనం తగ్గుతుందన్నది ఒక ప్రధాన వివరణ. ఈ విశ్లేషణ దత్తాంశాలు నేడు గణాంకశాస్త్ర విద్యార్థులకు పాఠ్యసామగ్రి. మదనపల్లె 33, 47 అంకెలు అందులో ఒక వరుసగా నిలిచి ఉన్నాయి.

5. అంకెల వెనుక మనుషులు:

ఆ వరుసలో మనుషులు లేరు. చేయి చాచి సూది వేయించుకొన్నవారు, ఎక్స్‌రే ముందు నిలబడినవారు, టీకా పొందని బృందంలో ఉండి జబ్బుపడినవారు అంకెలుగానే మిగిలారు. పరిశోధన నివేదికలు ఆంగ్లంలో వెలువడ్డాయి. పరిశోధన మాత్రం తెలుగు ఊళ్ళలో జరిగింది. టుబర్క్యులిన్ పరీక్ష ఎందుకో, కొందరికే టీకా ఎందుకో ఆ ఊళ్ళవారికి ఏ మాటలతో వివరించారన్నది భాషా పరిశోధకులకు కూడా ప్రశ్నే.

నైతిక ప్రశ్న ఇక్కడే తలెత్తుతుంది. మనుషులపై ప్రయోగాలకు సమ్మతి తప్పనిసరి అని 1947లో నూరెంబర్గ్ నియమావళి చెప్పింది. హెల్సింకీ ప్రకటన 1964లో వచ్చింది. భారత వైద్య పరిశోధన మండలి నైతిక విధాన ప్రకటన 1980 నాటిది. మదనపల్లె ప్రయోగం వీటిలో రెండింటి కంటే ముందే మొదలైంది. టీకా ప్రయోజనం ఇంకా నిర్ధారణ కాలేదు కనుక, కొందరికి వేయకపోవడం అన్యాయమని తేల్చి చెప్పలేం. ఆ పోలికే లేకపోతే సత్యం బయటపడేది కాదు. అయితే ఆ సత్యానికి మూలమైన ప్రజలను చరిత్ర విస్మరించడం మాత్రం సమర్థనీయం కాదు.

6. ముగింపు:

• ఆరోగ్యవరం ప్రాధాన్యం చికిత్సాలయంగా ముగిసిపోలేదు. ఒక విశ్వాసాన్ని పోలిక ద్వారా పరీక్షించిన స్థలంగా అది వైద్యచరిత్రలో నిలుస్తుంది.

• మదనపల్లె ఫలితం విజయం కాదు, వైఫల్యమూ కాదు. సందిగ్ధ ఫలితాన్ని దాచకుండా ప్రకటించడం వల్లనే చెంగల్పట్టు ఫలితాన్ని, అక్షాంశ వివరణను దానితో పోల్చి చూడటం సాధ్యమైంది.

• ఆ ప్రశ్న ఇంకా సజీవంగానే ఉంది. హైదరాబాదుకు చెందిన భారత్ బయోటెక్ ఎం.టి.బి.వ్యాక్ అనే కొత్త క్షయ టీకాపై 2024లో దేశంలో ప్రయోగాలు ఆరంభించింది. పెద్దలపై జరిగే ఇటువంటి ప్రయత్నం ప్రతిదీ మదనపల్లెలో మొదలైన ప్రశ్ననే మళ్ళీ అడుగుతున్నది.

• మదనపల్లె పరిసర గ్రామాల్లో ఆ సర్వేను గుర్తుంచుకొన్న వృద్ధులు, వారి కుటుంబాల జ్ఞాపకాలు మౌఖిక చరిత్రగా నమోదు కావాలి. తెలుగులో వైద్యచరిత్ర రచనకు అది ఆవశ్యకమైన పని. కాలం గడిచే కొద్దీ ఆ అవకాశం కూడా క్షీణిస్తుంది.