నల్లంచుల వంశక్రమం

గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి, మిరప చేల గట్లపైనా ఊరి తోటల్లోనూ తిరిగే నలుపు తెలుపుల చిన్న పిట్టలలో మూడింటిని తెలుగువారు నల్లంచి, పెద్ద నల్లంచి, కంప నల్లంచి అని ఒకే ఇంటిపేరుతో పిలుచుకున్నారు. శాస్త్రలోకం ఆ చుట్టరికాన్ని నిర్ధారించుకోవడానికి మాత్రం చాలాకాలం పట్టింది.

మద్రాసు సెయింట్ జార్జి కోటలో వైద్యుడైన ఎడ్వర్డ్ బల్క్‌లీ పంపిన పెద్ద నల్లంచిని లండన్‌లో జేమ్స్ పెటివర్ వర్ణించగా, ఆ వర్ణన 1713లో జాన్ రే పక్షిశాస్త్ర గ్రంథంలో అచ్చయింది. 1758లో స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్ ఆ పిట్టను గోరువంకలకు చెందిన ‘గ్రాకులా’ ప్రజాతిలో, అంటే దగ్గరి చుట్టాలైన జాతులను కలిపి చూపే వర్గంలో చేర్చాడు. 1766లో నల్లంచినీ కంప నల్లంచినీ తోకాడించే జిట్టంగుల ప్రజాతి ‘మోటసిల్లా’లో పెట్టాడు. బతికున్న పిట్టను చూడకుండా, దూరదేశాల నుంచి వచ్చిన నమూనాలూ బొమ్మలూ పరుల వర్ణనలూ ఆధారంగా చేసిన ఆ విభజనను తప్పుపట్టడం న్యాయం కాదు.

నెల్లూరులో వైద్యాధికారిగా పనిచేసిన థామస్ జెర్డన్ 1862–64 మధ్య వెలువడిన ‘బర్డ్స్ ఆఫ్ ఇండియా’లో ఈ మూడు తెలుగు పేర్లనూ నమోదు చేయడం మన అదృష్టం, ఆనాడు ఒంగోలు సీమ కూడా నెల్లూరు జిల్లాలోదే. పేర్లు పెట్టినవారు పిట్టల నడవడిని దగ్గరగా గమనించినవారే అయివుండాలి. మగ కంప నల్లంచి ఒళ్లంతా నలుపు, రెక్కమీద, నడుము మీద తెలుపు; అది తుమ్మకంప కొసన కూర్చుని, నేలమీద పురుగు కదలగానే దిగి, దాన్ని పట్టుకుని మళ్లీ కంపమీదికే చేరుతుంది. నల్లంచి తోకను నిక్కించి నడుస్తుంది కనుక తోక కింది ఇటుక రంగు బయటపడుతుంది. మగదాని భుజంమీద తెల్లమచ్చ ఉంటుంది. పెద్ద నల్లంచికి పొట్ట, రెక్కమీది పొడవాటి చార, తోక అంచులు తెలుపు. వేసవి తెల్లవారుజామున చెట్టు చివరినుంచి పాడేది ఇదే. ఆడపిట్టలలో ఈ నలుపు ఉండదు. పెద్ద నల్లంచిలో ఆడది బూడిద రంగు, మిగిలిన రెంటిలో గోధుమ రంగు కావడంతో, రంగునే నమ్ముకుంటే జంటను కూడా వేరు జాతులుగా పొరబడే ప్రమాదముంది.

తరువాతి కాలంలో పెద్ద నల్లంచి ‘కాప్సికస్’ ప్రజాతికి మారినా, నల్లంచి చాలాకాలం ‘సాక్సికోలాయిడీస్’ అనే సొంత ప్రజాతిలో ఒంటరిగా మిగిలింది. కణాల్లోని జన్యు పదార్థమైన డీఎన్ఏను పోల్చి 2010 ప్రాంతంలో వెలువడిన పరిశోధనలు దాన్ని కూడా కాప్సికస్‌లోకే చేర్చాయి. కంప నల్లంచి ‘సాక్సికోలా’ అనే వేరే ప్రజాతిలోనే ఉన్నా, ఈగపట్టు పిట్టల కుటుంబమైన మస్సికాపిడేలో ఆ రెంటికీ చుట్టమే.